పెట్టెకి కొలత

మా నాన్న లూథరన్ సంఘంలో ఉపదేశి. పల్నాడు వైపు మూడు నాలుగు ఊళ్లు ఆయన కింద ఉండేవి. పాస్టరుగారు నెలకోసారి వస్తే ఎక్కువ. పెళ్లికైతే పాస్టరుగారికి వీలు చూసుకుని తేదీ పెట్టుకోవచ్చు, చావు ఆగదు కదా. అందుకని సమాధి కార్యక్రమాలన్నీ నాన్న నెత్తినే పడేవి. ఎవరైనా పోయారని కబురు రాగానే గూట్లోంచి పురికొస ఉండ తీసి జేబులో వేసుకుని బయల్దేరేవాడు. పోయినవారి నడినెత్తి దగ్గర ఒక కొస ఎవరిచేతనైనా పట్టించి, మడమల దాకా లాగి ముడి వేసేవాడు. దానికి ఒక జాన కలిపి ఇంకో ముడి. భుజాల వెడల్పుకి వేరే పోగు. ఎవరో కుర్రాడు ఆ పురికొసలు పట్టుకుని సైకిలు మీద వడ్రంగి దగ్గరికి పరిగెత్తేవాడు. పొద్దుగుంకేలోపు పెట్టె వచ్చేది. మామిడి చెక్క, పైన నల్లగుడ్డ, దానిమీద తెల్ల నాడాతో సిలువ, లోపల మల్లుగుడ్డ. పెట్టె ఇంట్లోకి రాగానే నాన్న ముందు అడుగు చెక్కని అరిచేత్తో తడిమి చూసేవాడు, ఎక్కడైనా మేకు మొన పైకి లేచిందేమోనని. లేస్తే సుత్తి అడిగి అణగ్గొట్టేవాడు. పోయిన మనిషికి మేకు గుచ్చుకుంటే ఏమిటని ఎవరూ అడిగేవారు కాదు.

నాన్న పోయేనాటికి పురికొసల కాలం వెళ్లిపోయింది. గుంటూరులో పెట్టెలు తయారుగా దొరుకుతున్నాయి, అయిదున్నర అడుగులది, ఆరడుగులది అని. మా స్కూల్లో లెక్కల టీచరుగారు ఆ రోజు వచ్చి చివరిదాకా ఉన్నారు. నేను పిల్లలకి సోషల్ చెప్పేదాన్ని. ఆవిడా నేనూ ఒకే బల్ల దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పేవాళ్లం. నేను సెలవు ముగించుకుని వెళ్లాక ఒకరోజు అన్నం తింటూ అడిగారు: “ఏమీ అనుకోకండి మేడం. ప్రాణం పోయాక దేహంతో పనేముందండీ? ఇస్త్రీ బట్టలు వేయడం, తల కింద దిండు పెట్టడం... ఎలాగూ మన్నైపోయేదే కదా?”

ఆవిడ ఎరిగి అడిగారో ఎరగక అడిగారో గానీ, సరిగ్గా ఆయువుపట్టు మీదే వేలు పెట్టారు.

చావు తర్వాత సంగతి గురించి క్రైస్తవులు ఏమంటారో అందరికీ కొంత తెలుసు. మంచివాళ్లు పరలోకానికి, చెడ్డవాళ్లు నరకానికి. మా ఫ్లెక్సీలు చూసినా అంతే అర్థమవుతుంది: మబ్బులు, పావురాలు, తెరుచుకున్న బంగారు గేటు, మధ్యలో పోయినవారి పాస్‌పోర్టు ఫొటో. మావాళ్లలోనూ చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ ప్రతి ఆదివారం గుడిలో నిలబడి అందరం కలిసి చెప్పే విశ్వాస ప్రమాణంలో ఆత్మ పైకి ఎగిరిపోవడం గురించి ఒక్క ముక్క కూడా లేదు. చివరికొచ్చేసరికి మేము ఒప్పుకునేది శరీరం తిరిగి లేస్తుందని, ఆ తర్వాత అంతంలేని జీవం ఉందని. 325లో నైసియాలో మొదలై 381లో కాన్‌స్టాంటినోపుల్లో రూపు దిద్దుకున్న పెద్ద విశ్వాస ప్రమాణంలోనూ చివరి మాట చనిపోయినవారు లేవడం గురించే. ఇంగ్లండులో డర్హమ్ బిషప్పుగా పనిచేసిన బైబిలు పండితుడు ఎన్.టి. రైట్ ఒక పుస్తకమంతా ఈ ఒక్క సంగతి గుర్తుచేయడానికే రాశాడు. పరలోకం చేరడం కథకి ముగింపు కాదు, మధ్యలో మజిలీ. అసలు ఎదురుచూపు దేవుడు ఈ లోకాన్నీ ఈ దేహాల్నీ కొత్తగా చేసే రోజు కోసం అని ఆయన వాదన. మా నాన్న ఆ పుస్తకం చదవలేదు. మేకు మొనలు అణగ్గొట్టేవాడు, అంతే.

చనిపోయినవారు లేస్తారన్నది క్రైస్తవులు కొత్తగా కనిపెట్టింది కాదు. యేసు కాలానికే యూదుల్లో దీనిమీద పెద్ద తగువు ఉండేది. యెరూషలేము దేవాలయం చుట్టూ ఉండే సద్దూకయ్యులు చచ్చినవాళ్లు లేవడమేమిటని కొట్టిపారేసేవారు. పరిసయ్యులు లేస్తారనేవారు. బేతనియ ఊళ్లో లాజరు చనిపోయి నాలుగు రోజులైన తర్వాత యేసు వస్తే, అక్క మార్త ఎదురెళ్లి మాట్లాడిన మాటలు యోహాను సువార్తలో ఉన్నాయి. తమ్ముడు చివరి రోజున లేస్తాడని తనకి తెలుసంటుంది. అంటే అది ఆ ఇంట్లో అంతకుముందే ఉన్న నమ్మకం. ఆ వెంటనే సమాధి రాయి తీయమంటే మాత్రం, ఈపాటికి వాసన వస్తుందని అడ్డం పడుతుంది. నాకు మార్త అంటే ఇష్టం. నమ్మకం నమ్మకమే, వాసన వాసనే.

క్రైస్తవులు కొత్తగా చెప్పింది ఒక్కటే. ఆ చివరి రోజున అందరికీ జరగాల్సింది, ఒక మనిషికి ముందే జరిగిపోయిందని. సిలువ వేసి చంపిన యేసు మూడో రోజున లేచాడని. ఎలాంటి దేహంతో లేచాడో సువార్తలు చెప్పే తీరు చూస్తే ముచ్చటేస్తుంది. శిష్యులు దయ్యమేమోనని బెదిరిపోతే, తినడానికేమైనా ఉందా అని అడిగి కాల్చిన చేప ముక్క వాళ్ల ఎదురుగానే తిన్నాడని లూకా రాశాడు. యోహానయితే ఇంకో అడుగు ముందుకేసి, తిబెరియ సరస్సు ఒడ్డున తెల్లవారుజామున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి అలసిపోయి వచ్చినవాళ్లని తినడానికి పిలిచాడని చెప్పాడు. మేకుల గాయాలు అలాగే ఉన్నాయి. ఒకపక్క తలుపులు వేసున్నా గదిలోకి రాగలడు, ఎదురుగా ఉన్నా కొందరు ఆనవాలు పట్టలేరు. అదే దేహం, అయినా అచ్చం అదే కాదు.

ఇది ఎలా కుదురుతుందని కొరింథు ఊరివాళ్లు పౌలుని నిలదీశారు. గ్రీకు చదువు చదివినవాళ్లు మరి. వాళ్ల తత్వవేత్తల దృష్టిలో దేహం ఆత్మకి చెర, విడుదల దొరికాక మళ్లీ అందులోకి ఎవరు పోతారు? పౌలు వాళ్లకి విత్తనం ఉదాహరణ చెప్పాడు. నాటే గింజకీ మొలిచే మొక్కకీ పోలిక కనిపించదు, కానీ ఆ గింజదే ఆ మొక్క. మా పల్నాడు వాళ్లకి ఈ మాట వేరే వివరించక్కర్లేదు. మిరప నారు పోసేవాళ్లు ఏ అధ్యాయం చదవకుండానే తలూపేస్తారు.

పాత సమాధుల తోటల్లో మనిషిని పడమటి దిక్కు తల పెట్టి తూర్పుకి కాళ్లు చాపి పడుకోబెడతారు. క్రీస్తు తూర్పునుంచి వస్తాడని, లేచి కూర్చోగానే ముఖం అటే ఉంటుందని ఆ ఏర్పాటు. బైబిల్లో ఇలా పాతిపెట్టమని ఆజ్ఞ ఏమీ లేదు, ఎన్నో శతాబ్దాలుగా వస్తున్న అలవాటు. గుంట తవ్వేవాళ్లు రాత్రిపూట దిక్కు పోల్చుకోలేక వంకరగా తవ్వితే నాన్నకి ప్రాణం విలవిల్లాడేది.

సరే, ఆ రోజు వచ్చేదాకా పోయినవాళ్లు ఎక్కడుంటారు? లెక్కల టీచరుగారి రెండో ప్రశ్న ఇదే. ఇక్కడికొచ్చేసరికి క్రైస్తవులంతా ఒక్క మాట మీద లేరు.

మొదటి తరానికి ఈ ప్రశ్నే ఇబ్బంది పెట్టింది. యేసు తమ జీవితకాలంలోనే తిరిగి వస్తాడని థెస్సలొనీక సంఘం వాళ్లు ఎదురుచూస్తున్నారు. ఈలోగా తమలో కొందరు చనిపోయారు. వాళ్ల గతేమిటి, ఆ పండుగకి వాళ్లు లేనట్టేనా అని బెంగపడ్డారు. క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు వాళ్లకి రాసిన ఉత్తరం కొత్త నిబంధనలో అన్నిటికన్నా పాతదని చాలామంది పండితుల లెక్క. అంటే మాకు దొరికిన మొట్టమొదటి క్రైస్తవ రచనల్లోనే ఒక ఊళ్లో జరిగిన చావుల మీద ఓదార్పు ఉంది. పోయినవాళ్లు నిద్రలో ఉన్నారు, ముందు లేచేది వాళ్లే, మీరు దుఃఖపడండి గానీ ఏ ఆశా లేనివాళ్లలా కాదు అని దాని సారం. మరోపక్క, యేసు తన పక్క సిలువ మీదున్న దొంగకి ఆ రోజే పరదైసులో తనతో ఉంటావని మాట ఇచ్చాడు. నిద్రా, లేక అదే రోజు పరదైసా? రెండూ గ్రంథంలోనే ఉన్నాయి.

అడ్వెంటిస్టులు నిద్ర వైపు గట్టిగా నిలబడ్డారు: లేచేదాకా ఏ స్పృహా ఉండదు. మిగతా సంఘాల్లో ఎక్కువమంది ప్రభువు సన్నిధిలో విశ్రాంతి తీసుకుంటున్నారంటారు. కతోలికులకి మధ్యలో మరో సంగతి ఉంది, ఉత్తరించు స్థలం. దేవుడికి దగ్గరైనవాళ్లే, కానీ ఇంకా శుద్ధి కావలసి ఉంది. బతికున్నవాళ్ల ప్రార్థనలు వాళ్లకి అందుతాయి. అందుకే పోయినవారి పేరున పూజ చెప్పిస్తారు. 998 ప్రాంతంలో ఫ్రాన్సులో క్లూనీ మఠాధిపతి ఓడిలో, నవంబరు 2ని చనిపోయిన విశ్వాసులందరి కోసం ప్రార్థించే రోజుగా తన మఠాల్లో పెట్టాడు. అది లోకమంతా పాకింది. ఈ శుద్ధికాలాన్ని డబ్బిచ్చి తగ్గించుకోవచ్చని పత్రాలు అమ్మేదాకా వ్యవహారం పోయింది కాబట్టే 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ తిరగబడ్డాడు. పాఠ్యపుస్తకంలో ప్రొటెస్టెంటు ఉద్యమం అని పిల్లలకి నేను చెప్పిన పాఠానికి మొదలు ఇదే, చచ్చినవాళ్ల లెక్క ఎవరు తీరుస్తారన్న తగాదా.

తమాషా ఏమిటంటే, ఆ లూథర్ పేరు పెట్టుకున్న మేమే నవంబరు 2న సమాధుల పండుగ చేస్తాం! కోస్తా జిల్లాల్లో ఆ రోజు చూడాలి. నాలుగు రోజుల ముందునుంచే సమాధులకి సున్నాలు, పిచ్చిమొక్కలు పీకడం. సాయంత్రం బంతిపూలు, చామంతులు, కొవ్వొత్తులు, హైదరాబాదు నుంచి వచ్చిన మనవళ్లు, గేటు దగ్గర బఠాణీల బండి. సిద్ధాంతం ప్రకారం మేము పోయినవారి కోసం ప్రార్థన చేయకూడదు, వారి జ్ఞాపకం కోసం దేవుడికి కృతజ్ఞత చెప్పాలి. పాస్టరుగారు అలాగే చెప్తారు. పక్కనే మా మేనత్త సమాధి మీద చెయ్యి వేసి మామయ్యతో సొంతంగా మాట్లాడేస్తుంటుంది. బ్రదరెన్, పెంతెకొస్తు సంఘాలవాళ్లు మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపుతారు. ఊపనివ్వండి. ఈస్టరు రోజు తెల్లవారకముందే కొవ్వొత్తులు పట్టుకుని అదే తోటకి వెళ్లి పాడే అలవాటు మాత్రం నాకు దీనికన్నా అందంగా తోస్తుంది. అక్కడ పాట, నమ్మకం రెండూ ఒకే వైపు చూస్తాయి.

మరి ఏడుపు? మా ఇళ్లలో చావుకి పాటలు వింటారు కాబట్టి మాకు ఏడుపు నిషిద్ధమనుకుంటారు. కొందరు బోధకులు అలాగే గదమాయిస్తారు కూడా: పరలోకం వెళ్లినవారి కోసం ఏడవడం అవిశ్వాసమట. భర్త పోయి కూలబడ్డ ఆడమనిషిని పట్టుకుని సాక్ష్యం చెప్పమని మైకు చేతిలో పెట్టినవాళ్లని చూశాను. అది నాకు కిట్టదు. లాజరుని తాను కాసేపట్లో లేపబోతున్నానని తెలిసీ యేసు అతని సమాధి దగ్గర ఏడ్చాడు. ఇంతకన్నా అనుమతి ఇంకెవరివ్వాలి?

లూథర్ ఇంట్లో జరిగింది చెప్తాను. కూతురు మగ్దలీనా, పదమూడేళ్లది, 1542 సెప్టెంబరులో జబ్బుచేసి తండ్రి చేతుల్లోనే కన్నుమూసింది. ఊరందరికీ ఓదార్పు చెప్పిన మనిషి. పిల్ల మంచి చోటుకే వెళ్లిందని తనకి తెలుసనీ, ఆత్మలో సంతోషమే గానీ రక్తమాంసాలు ఒప్పుకోవడం లేదనీ దగ్గరివాళ్లతో అన్నాడు. వడ్రంగి పెట్టె మూత మీద మేకులు దిగ్గొడుతుంటే, కొట్టు, ఎలాగూ చివరి రోజున అది లేస్తుందిలే అని అరిచాడట. ఆ తర్వాత స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, మేము కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్లమే కానీ నేనూ నా భార్యా వెక్కిళ్లు పెట్టకుండా అది చేయలేకపోతున్నాం, దాని రూపం, మాటలు, నడక గుండెలోంచి పోవడం లేదు అన్న అర్థంలో రాసుకున్నాడు. అరుపూ కన్నీళ్లూ రెండూ ఆ మనిషివే.

అలవాట్లు సిద్ధాంతం వెంట నడవవు, ఊరి వెంట నడుస్తాయి. సమాధుల తోట నుంచి వచ్చినవాళ్లని స్నానం చేయకుండా గడప తొక్కనివ్వని క్రైస్తవ ఇల్లాళ్లు నాకు చాలామంది తెలుసు, మా అమ్మే ఒకరు. పెద్దకర్మ ఉండదు గానీ ఆ నెలలోనే ఎప్పుడో జ్ఞాపకార్థ కూడిక పెట్టి ఊరందరికీ భోజనం పెడతారు. అందులో వంకాయ కూర ఎలా ఉందన్న చర్చ అన్ని మతాల చావుభోజనాలకీ ఒకటే. ఇక బండి సంగతి: పెట్టె ఎక్కించేది తరచూ మునిసిపాలిటీ వైకుంఠ రథమే. శంఖచక్రాల మధ్య సిలువ గుర్తున్న పెట్టెలో మా పెద్దమ్మ దర్జాగా వెళ్లింది. ఎవరికీ అభ్యంతరం లేదు, డ్రైవరు పాటలకి తాళం కూడా వేశాడు.

దేహం లేస్తుందన్న ఈ నమ్మకం మా వైపు జనానికి ఎందుకంతగా పట్టిందో ఆలోచిస్తే నాకు 1878 గుర్తొస్తుంది. 1876లో మొదలైన కరువు ఒంగోలు ప్రాంతాన్ని ఊడ్చేసింది. దారుల్లో శవాలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కూటి కోసం చేరారన్న మాట రాకూడదని కరువు నడిచినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఎక్కువమంది మాదిగలు. వాళ్లకన్నా పన్నెండేళ్ల ముందు, 1866లో బాప్తిస్మం తీసుకున్న యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసే మాదిగ. అంతకుముందే గురువుల దగ్గర యోగం నేర్చినవాడు, సత్యం కోసం తిరిగినవాడు. ఆయనే ఊరూరా చెప్పి వీళ్లకి దారి వేశాడు.

బాప్టిస్టుల పద్ధతిలో మనిషిని నిండా నీళ్లలో ముంచి లేపుతారు. పౌలు లెక్కలో అదొక సమాధి కార్యక్రమమే: క్రీస్తుతో చావడం, పాతిపెట్టబడడం, లేవడం. గుండ్లకమ్మ ఒడ్డున నిలబడ్డవాళ్ల సంగతి ఊహించండి. ఊరి బావి దగ్గరికి రానివ్వని దేహాలు. నీడ పడితే మైల అనిపించుకున్న దేహాలు. చచ్చిన గొడ్డుని మోయడానికి మాత్రం పనికొచ్చినవి. ఆత్మకి ముక్తి ఉందని వాళ్లకి చెప్పినవాళ్లు అంతకుముందూ ఉన్నారు, పేరయ్యకి యోగం నేర్పినవాళ్లు చెప్పింది అదే. కానీ ఈ దేహమే దేవుడికి కావాలి, దీన్నే ఆయన లేపుతాడు అన్న మాట వేరు. నా మటుకు నాకు మా వైపు సువార్తలో అసలు పదును అక్కడే ఉందనిపిస్తుంది. మాల మాదిగల్లో పాతిపెట్టే ఆచారం క్రైస్తవం రాకముందు నుంచీ ఉంది. ఆచారం పాతదే, దానికి అర్థం మారింది. పాతిన చోట రాయి, రాయి మీద పేరు. జనన ధ్రువీకరణ పత్రం ఎరగని మా తాతమ్మకి పుట్టిన సంవత్సరం మొదటిసారి రాసింది సమాధి రాయి మీదే, అదీ ఉజ్జాయింపుగా. అంతా చెప్పి ఇది దాచకూడదు: క్రైస్తవంలోకి వచ్చాక కూడా కులానికో సమాధుల తోట ఉన్న ఊళ్లున్నాయి. ఒకే పునరుత్థానానికి వేరు వేరు గేట్లు! ఆ రోజున ఏ గేటు తాళం ఎవరి దగ్గరుంటుందో చూడాలి.

లెక్కల టీచరుగారు చాలా రోజులు మొహమాటపడి అడిగిన ప్రశ్న ఇంకొకటుంది: “అయితే మేమంతా నరకానికేనా మేడం?” ఈ ప్రశ్నకి వీధి మైకుల్లో వినిపించే జవాబు ఆవిడకి తెలుసు. క్రీస్తుని ఒప్పుకోనివారికి రక్షణ లేదని ఖండితంగా చెప్పే సంఘాలు చాలా ఉన్నాయి, వాళ్లు తమకి నచ్చిన వచనాలే చూపిస్తారు. కతోలిక సంఘం 1964లో, రెండో వాటికన్ మహాసభలో, తమ తప్పు లేకుండా సువార్త ఎరగకపోయినా నిండు మనసుతో దేవుణ్ణి వెతికేవారికీ, మనస్సాక్షి చెప్పినట్టు బతికేవారికీ రక్షణ అందగలదని రాసుకుంది. మత్తయి సువార్తలో తీర్పు రోజు గురించి యేసు చెప్పిన కథలో అడిగే లెక్కలు వేరు: ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా, బట్టలేనివాడికి బట్ట ఇచ్చావా, జైల్లో ఉన్నవాణ్ణి చూసొచ్చావా. అందులో కుడివైపు నిలబడ్డవాళ్లకి తాము చేసింది ఎవరికి చేశారో కూడా తెలియదు. తీర్పు ఉందని నేను నమ్ముతాను. కారంచేడు, చుండూరు దళిత హత్యాకాండలు జరిగిన గడ్డ మీద పుట్టి, ఎక్కడా ఏ తీర్పూ లేదనుకుంటే బతకడం కష్టం. కానీ ఆ కుర్చీలో కూర్చునేది నేను కాదు, మైకు పట్టుకున్న ఆయనా కాదు. టీచరుగారికి ఇదే చెప్పాను. “అంటే మార్కులు వేసేది మీరు కాదన్నమాట” అని నవ్వి పప్పు వడ్డించారు.

2021 మే నెలలో మా పెదనాన్న కొడుకు హైదరాబాదులో కరోనాతో పోయాడు. ఆసుపత్రివాళ్లు ఇంట్లోవాళ్లకి చూపించలేదు. సంచిలో చుట్టి తీసుకెళ్లారు, మరెందరితోనో కలిపి దహనం చేశారు. బూడిద కూడా చేతికి రాలేదు. వదిన ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఒక్కటే: “కాలిపోయినవాళ్లు లేస్తారామ్మా?”

ఇది చదువురాని భయం కాదు. దీనికి 1,800 ఏళ్ల చరిత్ర ఉంది. 177లో ఇప్పటి ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో క్రైస్తవులని చంపి, శవాల్ని ఆరు రోజులు బయట పడేసి, తర్వాత కాల్చి, బూడిదని రోన్ నదిలోకి ఊడ్చేశారు. ఇక వీళ్లెలా లేస్తారో చూద్దాం అన్నది చంపినవాళ్ల ఆలోచన. ఆ సంఘంవాళ్లు రాసిన ఉత్తరాన్ని చరిత్రకారుడు యూసేబియస్ తన గ్రంథంలో భద్రపరిచాడు. మా నమ్మకం ఏమిటో మాకన్నా మా శత్రువులకే బాగా అర్థమైంది. 410లో రోము నగరం కొల్లగొట్టబడి, పాతిపెట్టే దిక్కులేక శవాలు పడి ఉన్నప్పుడూ ఇదే ప్రశ్న వచ్చింది. ఆఫ్రికాలోని హిప్పో పట్టణ బిషప్పు అగస్టీన్ జవాబు రాశాడు: అంత్యక్రియలు పోయినవారికి చేసే సాయం కన్నా బతికున్నవారికి ఓదార్పు, శూన్యం నుంచి మనిషిని చేసినవాడికి చెదిరిపోయినదాన్ని పోగుచేయడం కష్టం కాదు. మన దగ్గర 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమ తుడిచిపెట్టుకుపోయినప్పుడు, పది వేలమందికి పైగా పోతే, ఎవరు ఎవరో తెలియని శవాల్ని కుప్పలుగా దహనం చేయాల్సి వచ్చింది. ఆ ఊళ్లలో క్రైస్తవ కుటుంబాలూ ఉన్నాయి. వాళ్లు తర్వాత కూడా ప్రతి ఆదివారం అదే విశ్వాస ప్రమాణం చెప్పారు.

చర్చి చట్టాలూ మెల్లగా సడలాయి. కతోలిక సంఘం 1886లో దహనాన్ని నిషేధించింది, 1963లో ఆ నిషేధం ఎత్తేసింది. పాతిపెట్టడమే మంచిదని ఇప్పటికీ అంటుంది. 2016లో, బూడిదని గాలిలోనో నీళ్లలోనో కలపొద్దు, ఇంట్లో పెట్టుకోవద్దు, పవిత్రమైన చోట ఉంచమని చెప్పింది. ప్రొటెస్టెంట్లలో చాలా సంఘాలు ఇది కుటుంబాల ఇష్టానికి వదిలేశాయి. పట్టణాల్లో సమాధులకి చోటు లేక పాత గుంటనే తవ్వి తాత మీద మనవణ్ణి పెడుతున్న రోజులివి. ఇంకో తరానికి మావాళ్లూ దహనానికి అలవాటు పడతారనుకుంటున్నాను.

వదినకి ఇదంతా చెప్పలేదు. లేస్తారు వదినా, మేకులు కొట్టిన పెట్టెలోంచి లేపగలిగినవాడికి బూడిదలోంచి లేపడం ఎంత అని మాత్రం అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, అయితే ఊళ్లో అత్తయ్యా మామయ్యా పక్కన ఒక రాయి వేయిద్దాం, పేరు చెక్కిద్దాం అంది. కింద ఏమీ లేకుండా సమాధి రాయి ఎలా వేస్తారని సంఘ పెద్దల్లో ఒకాయన అభ్యంతరం పెట్టాడు. రెండు మీటింగులు జరిగాయి. చివరికి ఒప్పుకున్నారు. రాయి నల్లది, తెల్ల అక్షరాలు, తూర్పు ముఖం. స్థలానికి రుసుము మాత్రం కింద మనిషి ఉన్నప్పుడు ఎంతో అంతే కట్టించుకున్నారు.